సార్‌కు ఇంగ్లీషు రాదు

మొన్న మధ్యాహ్నం మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ముప్పై ఏడు మంది ఒకే వాక్యం రాశారు. "రెస్ట్ ఇన్ పీస్ సర్, యూ వర్ యాన్ ఇన్‌స్పిరేషన్ టు అస్ ఆల్." మొదటివాడు ఎక్కడినుంచో ఎత్తుకొచ్చాడు. మిగతా ముప్పై ఆరుగురు వాడి దగ్గర ఎత్తుకున్నారు. ఒక మహానుభావుడు తొందరలో వాక్యంతో పాటు మొదటివాడి పేరు, పంపిన టైము కూడా కాపీ చేసి పెట్టాడు.

నేను హన్మకొండలో, కాలేజీ బస్టాపులో ఉన్నాను. ఫోను చేతిలోనే ఉంది. ఫోను చేతిలో లేకుండా నన్ను చూసిన మనిషి మా కొత్తవాడలో ఎవరూ లేరు. సార్ పోయారన్న బాధ కొంచెం ఆలస్యంగా వచ్చింది. ముందు వచ్చింది కోపం, నాకు ఎప్పుడూ ముందు అదే వస్తుంది. ఆ ముప్పై ఏడు వాక్యాలనూ సార్ ముందు పెడితే కళ్ళు మూసుకుని వినేవారు, తర్వాత ఒక్క కన్ను తెరిచి ఎప్పుడూ అడిగేదే అడిగేవారు.

"ఎవరిది బిడ్డా ఈ వాక్యం?"

ముప్పై ఎనిమిదోవాడు రాకేశ్. వాడు వాక్యం రాయలేదు, వీడియో పెట్టాడు. ముప్పై ఒక్క సెకన్ల వీడియో. కింద "సార్ ఫన్నీ మెమరీ" అని రాసి, ఒక నవ్వు ముఖమూ ఒక ఏడుపు ముఖమూ పక్కపక్కన పెట్టాడు. ఏది మూడ్‌కు సరిపోతే అది తీసుకోండన్నట్టు. ఆ వీడియో నాకు తెలుసు. దాని సంగతి చెప్తాను. ముందు సార్ సంగతి.

సార్ పేరు రాయను. మా హెడ్మాస్టర్ గారు ఎలాగూ సంతాప సభ ఫ్లెక్సీ మీద వేయిస్తారు, పక్కన తన ఫోటో కొంచెం పెద్దగా ఉండేట్టు. సార్ మాకు ఫిజిక్స్ చెప్పేవారు. సన్నటి మనిషి. ప్యాంటు కడుపు మీదికి లాగి కట్టేవారు. బోర్డు తుడవడానికి డస్టర్ ముట్టేవారు కాదు, అరచేత్తో తుడిచి, అదే చేత్తో తల గోక్కునేవారు. ఆయన జుట్టు తెల్లబడింది వయసుకా, చాక్‌పీసుకా అన్నది మేం బడి వదిలేదాకా తేలలేదు. చొక్కా జేబు ఎప్పుడూ బరువుగా వేలాడుతుండేది. అందులో పెన్ను కూడా ఉండేది కాదు, ఉండేవన్నీ స్టాప్లర్ పిన్నులు. ఆ పిన్నులకు ఒక చరిత్ర ఉంది.

జవాబు రాని పిల్లల్ని ఆయన ఎప్పుడూ నిలబెట్టలేదు. వాళ్ళ బెంచీ దగ్గరికి తానే నడిచి వచ్చి, "జర జరుగు బిడ్డా" అని పక్కన కూర్చునేవారు. బెంచీ మీద చేత్తో రెండుసార్లు తట్టేవారు. "నిలవడి తప్పు చెప్తె భయమైతది. కూసోని చెప్పు, ఏం కాదు."

అందరు సార్లూ బెత్తంతో భయపెడితే, ఈయన పక్కన కూర్చుని భయపెట్టేవారు. చాక్‌పీసు వాసనతో ఒక ఫిజిక్స్ సార్ మోచేయికి మోచేయి తగిలించి కూర్చుంటే ఎవరికైనా చెమటలు పడతాయి.

ఇప్పుడు పిన్నుల చరిత్ర. ఏడో తరగతి పరీక్ష రాసేనాటికి మాకు చాలా తెలుసు. కిరణజన్య సంయోగక్రియ తెలుసు, కసాగు గసాభాలు తెలుసు. ఎండాకాలం సెలవుల్లో మామిడికాయలు తిన్నాం, ఫోన్లు చూశాం. జూన్‌లో బడి తెరిచేసరికి మాకు ఏమీ తెలియదు. సెలవుల్లో బడి పేరు బోర్డుకు కొత్త రంగు పడింది. ప్రార్థన దగ్గర హెడ్మాస్టర్ గారు మైకు పట్టుకున్నారు.

"ఇయ్యాల్టి సంది మీరు ఇంగ్లీషు మీడియం పిల్లలు. ప్రైవేటోళ్ళకు మీరేం తక్కువ లేరు. ఇగ అంత ఇంగ్లీషే."

ఈ సంగతి ఆయన తెలుగులో చెప్పారు.

పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఆ పుస్తకం వేసినవాళ్ళెవరో పిల్లల గురించి ఒక్క నిమిషం ఆలోచించినట్టున్నారు. మా హెడ్మాస్టర్ గారికి అది నచ్చలేదు. ఎదురుగా అర్థం కనబడుతుంటే పిల్లలు ఇంగ్లీషు ఎందుకు చదువుతారని ఆయన వాదన. క్లాసుకో స్టాప్లరు ఇచ్చి, తెలుగు పేజీలన్నిటి మీదా పేపరు పెట్టి పిన్నులు కొట్టమన్నారు. మేమూ ఉత్సాహంగా కొట్టాం. బడిలో పిల్లలకు స్టాప్లర్ ఇస్తే ఏ మీడియం పిల్లలైనా కొడతారు.

ఇళ్ళల్లోంచి మేం తెచ్చిన పేపర్లు తెలుగు పేపర్లు. తెలుగు కనబడకుండా తెలుగు కప్పాం. ఈ సంగతి బడి మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు. ఒక పేజీలో ఫ్రిక్షన్, ఎదురు పేజీలో కేసముద్రం మార్కెట్లో పత్తి ధర.

సార్ క్లాసుకు వచ్చి, మొదటి బెంచీలో శ్రావణి పుస్తకం తీసి చాలాసేపు చదివారు. శ్రావణి నా పక్కన కూర్చునేది, ఇప్పటికీ నా స్నేహితురాలే.

"గిదేం పాఠం బిడ్డా?"

"ఫిజిక్స్ సార్."

"ఫిజిక్స్‌ల పత్తి ధర గూడ వచ్చిందా? కొత్త సిలబస్ మంచిగనే ఉన్నది."

ఆయన గోటితో పిన్ను లేపి జేబులో వేసుకున్నారు. ఆ పేపరు మడిచి శ్రావణికే ఇచ్చారు. ఆ రోజు నుంచి రోజూ నాలుగైదు పుస్తకాలు. పాఠం చెబుతూనే గోటితో తీస్తుండేవారు. హెడ్మాస్టర్ గారు ఒకసారి కిటికీలోంచి చూసి, పేపర్లు ఏవి అని అడిగారు.

"పిన్నులు ఊడిపోతానయ్ సార్. క్వాలిటీ లేదు," అన్నారు సార్, ఊడిపోయిన ఆ పిన్నులన్నీ జేబులో గలగలమంటుండగా.

ఆయనను ఐదు రోజుల శిక్షణకు పంపారు. పిల్లలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారేటప్పుడు ఎలా ఆదుకోవాలో నేర్పే శిక్షణ. ఒక ఫైలు, ఒక పెన్ను, ఒక సంచి పట్టుకుని తిరిగొచ్చారు. ఏం నేర్పిండ్లు సార్ అని రాకేశ్ అడిగాడు.

"చాయ్ మంచిగున్నది."

అయితే ఆయనకంటూ ఒక పద్ధతి ఉండేది. ముందు తెలుగు పేజీ చదవాలి. అర్థం కానిదంతా తెలుగులో అడగాలి. అర్థమైందాన్ని బొమ్మ గీయాలి. ఆ తర్వాత ఒక్క ఇంగ్లీషు వాక్యం రాయాలి. "మూడు మాటలు చాలు. కని ఆ మూడు నీయే కావాలె." అంతే.

మొదటి స్లిప్ టెస్టు ఫ్రిక్షన్ మీద. నేను ఏడో తరగతి దాకా క్లాస్ ఫస్టు. మా డాడీ జంఖానాలు నేస్తాడు. మగ్గం పక్కన గోడకు నా మూడు సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి పెట్టాడు, నాలుగోదానికి మేకు కూడా కొట్టి ఉంచాడు. ఆ మేకు బాధ్యత నా మీద ఉంది. గైడ్‌లో ఉన్నదంతా కామాతో సహా బట్టీ పట్టి దింపాను. "ఫ్రిక్షన్ ఈజ్ ద ఫోర్స్ దట్ అపోజెస్..." అంటూ ఎనిమిది లైన్లు. రాకేశ్ వాళ్ళ నాన్నది ఆటో. వాడు "రెయిన్ రోడ్. ఆటో స్లిప్." అని రాసి, ఒక టైరు గీసి, టైరు కింద నీళ్ళు గీసి, నీళ్ళ పక్కన ఏడుస్తున్న వాళ్ళ నాన్నను గీశాడు.

వాడికి పదికి పది. నాకు సున్నా.

పేపరు పట్టుకుని ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"నాది అంత కరెక్టే ఉన్నది సార్. గైడ్‌ల ఉన్నదే రాసిన."

"అవ్ బిడ్డా. గందుకే గైడ్‌కు పది వేసిన. నీ దాంట్ల నువ్వేడున్నవ్?"

"ఇంగ్లీషుల తప్పు లేదు గద సార్."

"అపోజెస్ అంటె ఏంది?"

నేను పేపరు మడత పెట్టాను. తెలియక కాదు అని చెప్పాలని ఉంది, కానీ తెలియకే. ఆయన టేబుల్ వదిలి మొదటి బెంచీలో కూర్చుని, పక్కన రెండుసార్లు తట్టారు. నేను కూర్చోలేదు. నా బెంచీకి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచి క్లాసులో నోరు విప్పడం మానేశాను. నేనొక్కదాన్నే కాదు, సగం క్లాసు మూగదైంది. తెలుగులో చేతులెత్తి బెంచీలెక్కే పిల్లలు, ఇంగ్లీషు అనేసరికి గోడకు కొట్టిన రంగులా నిలబడ్డారు. నాకు మాత్రం తప్పెవరిదో స్పష్టంగా తెలుసు. సార్‌దే.

ఇంట్లో సున్నా గురించి చెప్పలేదు, సార్ గురించి చెప్పాను. డాడీ మగ్గం ఆపాడు.

"గాయ్నకే ఇంగ్లీషు రాదట గదనే. ఇగ మీకేం చెప్తడు?"

"గదే అంటాన్న డాడీ."

"నువ్వు ఫికర్ చెయ్యకు. హన్మకొండల జాయిన్ చేస్త."

హన్మకొండ చౌరస్తాలో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ ఉంది. సాయంత్రం క్లాసు. మొదటి రోజే ఆలస్యమైంది. మెట్లెక్కి తలుపు దగ్గర ఆగాను. లోపల ఇంటర్ పిల్లలు, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. టై కట్టుకున్న ఒక అన్న, మహా అయితే పాతికేళ్ళుంటాయేమో, "కాన్ఫిడెన్స్" అనే మాటను ఊపిరిలా వదులుతున్నాడు. చివరి బెంచీలో ఒక్కరే, ప్యాంటు కడుపు మీదికి లాక్కుని, ముందు రెండు వందల పేజీల నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని, మా సార్.

"అంకుల్, స్టాండప్ అండ్ ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్," అన్నాడు టై అన్న.

ఎవరినీ నిలబెట్టని మనిషి నిలబడ్డారు. నా చేతిలో ఫోను ఉంది. ఇంకేం చెప్పాలి. రికార్డు ఒత్తాను.

"మైసెల్ఫ్ ఫిజిక్స్ టీచర్. ఐయామ్ టీచింగ్ సిన్స్ ట్వెంటీ సిక్స్ ఇయర్. దిస్ ఇయర్ మై స్కూల్ ఈజ్ బికమ్ ఇంగ్లీష్ మీడియం. మై చిల్డ్రన్స్ ఆర్ వెరీ గుడ్ చిల్డ్రన్స్. బట్ దే ఆర్ ఫియరింగ్..." ఇక్కడ ఆగారు. చేత్తో తల గోక్కున్నారు. "ఐ ఆల్సో ఫియరింగ్."

ఇంటర్ పిల్లలు బెంచీలు కొట్టి నవ్వారు. టై అన్న కూడా నవ్వి, కాన్ఫిడెన్స్ అంకుల్, కాన్ఫిడెన్స్ అన్నాడు. సార్ కూర్చున్నారు. నేను ఫోను జేబులో పెట్టుకుని, లోపలికి వెళ్ళకుండా, మెట్లు దిగి ఇంటికి వచ్చేశాను.

మా బడి పిల్లలకు ఇన్‌స్టాలో ఒక పేజీ ఉండేది. పేరు చెప్పకుండా ఎవరి గురించైనా ఏదైనా పంపొచ్చు, వాళ్ళు పెట్టేస్తారు. పిరికివాళ్ళ కోసం పిరికివాళ్ళు నడిపే సేవా కార్యక్రమం. బస్సులోనే పంపాను. కొంచెం కత్తిరించి, "మన ఇంగ్లీష్ మీడియం సార్" అని పేరు పెట్టి పంపాను. నేను కొత్తవాడలో దిగేసరికి వీడియో నాకంటే ముందు దిగి, పాన్‌డబ్బా దగ్గర నవ్వుతోంది.

మర్నాడు పొద్దున పది మంది తల్లిదండ్రులు హెడ్మాస్టర్ గది ముందుకు వచ్చారు. ముందు నిలబడింది మా డాడీ. అటెండెన్స్ రిజిస్టర్ తెమ్మని నన్ను పంపారు కాబట్టి అన్నీ విన్నాను. డాడీ ఫోను హెడ్మాస్టర్ గారి ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇంగ్లీషు రాని సారు ఇంగ్లీషు మీడియం ఎట్ల చెప్తడు సార్? మాకు వేరేటాయన గావాలె. లేకుంటె టీసీలు తీస్కపోతం."

హెడ్మాస్టర్ గారికి టీసీ అనే మాట వినబడితే చలిజ్వరం వస్తుంది. వెంటనే సార్‌ను పిలిపించారు. ఇంకో బడికి పంపమని ఈ రోజే పైకి రాస్తానని, సార్ ఎదురుగానే చెప్పారు. సార్ తలూపారు. డాడీ వైపు తిరిగారు.

"నిజమే అన్నా. నాకు రాదు. పిల్లలకు గూడ రాదు. ఇద్దరం కలిసి నేర్సుకుంటానం. ఇంగ్లీషు వచ్చినాయన వస్తె చెప్పున్రి, నేను లేస్త. గాయ్న పాఠం చెప్తె, నేను గూడ ఆఖరు బెంచీల కూసోని వింట."

డాడీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. రిజిస్టర్ పట్టుకుని నేను గోడవైపు చూస్తున్నాను. నేను పగ తీర్చుకోవాలనుకున్నది ఒక సున్నాకు. పోతున్నది ఆయన క్లాసు.

ఆ రోజు మూడో పీరియడ్. పాఠం లేదు. సార్ తన ఫోను తీసి టేబుల్ మీద నిలబెట్టారు.

"గీ వీడియో మా బిడ్డె అత్తగారోళ్ళ గ్రూపుల గూడ వచ్చింది. అందరు చూసిండ్లు. మీరు గూడ చూసిండ్లు, నాకు తెల్సు. ఇప్పుడు అందరం కలిసి చూద్దాం. తప్పులు లెక్కవెట్టున్రి."

మొదటిసారి ఎవరూ కదల్లేదు. రెండోసారి వేశారు. వెనక నుంచి రాకేశ్ గొంతు వచ్చింది.

"చిల్డ్రన్స్ అనద్దు సార్. చిల్డ్రనే."

"శభాష్. ఒకటి." బోర్డు మీద రాశారు.

"ఇయర్ కాదు సార్, ఇయర్స్," అంది శ్రావణి.

"రెండు."

ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. రెండు నెలలుగా మూగబోయిన క్లాసు సార్ తప్పులు పట్టడానికి బెంచీల మీద లేచింది. లేనివి కూడా పట్టారు. పదకొండు తేలాయి. సార్ చేయి దులుపుకుని తల గోక్కున్నారు.

"నేను పదకొండు చేసిన. గీ పీరియడ్ అయిపోయే లోపల మీరందరు కలిసి పన్నెండు చెయ్యాలె. ఇంగ్లీషుల. చెయ్యకుంటె నేనే క్లాస్ ఫస్టు."

పీరియడ్ అయ్యేసరికి ముప్పై నాలుగు చేశారు. గుక్క తిప్పుకోకుండా అందరూ ఇంగ్లీషులో తప్పులు మాట్లాడారు, వాళ్ళ కుక్కల గురించి, వాళ్ళ అమ్మల గురించి, మేడారం జాతరలో తప్పిపోయిన తమ్ముడి గురించి. నేను మాత్రం నోరు తెరవలేదు. సార్ నా బెంచీ దగ్గరికి వచ్చారు. "జర జరుగు బిడ్డా." కూర్చున్నారు. మోచేయికి మోచేయి. నన్ను ఏమీ అడగలేదు. అక్కడి నుంచే క్లాసు మొత్తంతో అన్నారు:

"తీసినోళ్ళు ఎవరో నాకక్కర లేదు. కని చెయ్యి వణుకుతాంది. ఇంకోసారి తీస్తె, గోడకు ఆనుకోని తీయున్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే దొరికిపోతానని.

హెడ్మాస్టర్ గారు అన్నంత పనీ చేశారు, పైకి రాశారు. పైనుంచి జవాబు రాలేదు. మా వైపు ఇంగ్లీషులో ఫిజిక్స్ చెప్పగల సార్ల పోస్టులన్నీ ఖాళీ అని తర్వాత తెలిసింది. అలా మాకు సార్ మిగిలారు. ఇందులో ఎవరి మంచితనమూ లేదు, ఖాళీ కుర్చీల మంచితనం.

ఇన్‌స్టిట్యూట్‌కు మాత్రం సార్ మళ్ళీ రాలేదు. వీడియో చూసిన పిల్లలు సాయంత్రాలు ఆ సెల్‌ఫోన్ల దుకాణం ముందు గుంపుగా నిలబడి, మెట్లెక్కే ప్రతి పెద్దమనిషినీ "ఐ ఆల్సో ఫియరింగ్" అని పలకరించేవాళ్ళు. డాడీ మాట తీసెయ్యలేక నేను రోజూ వెళ్ళాను. చివరి బెంచీ ఖాళీ. నేను మొదటి బెంచీలో కూర్చునేదాన్ని, వెనక్కి చూడకుండా ఉండటానికి. అంకుల్ డ్రాప్ అయ్యారు, కాన్ఫిడెన్స్ లేదు అని టై అన్న తేల్చేశాడు.

వారం తర్వాత సార్ నన్ను పిలిచారు.

"నీ దగ్గర ఫోనున్నది గద?"

బడికి ఫోను తేవడం నేరం. నా బ్యాగులో అట్లాసు మధ్యలో ఉంది.

"లేదు సార్."

"ఉన్నది తియ్ బిడ్డా. రేపటి సంది ప్రార్థన కంటె ముందుగాల రా. ఫోన్ల మాటలు పలికేది ఉంటది గద, గది నాకు చూపెట్టు."

రెండేళ్ళ పైన, బడి ఉన్న ప్రతి పొద్దున, ఫిజిక్స్ ల్యాబ్ అని పేరున్న స్టోర్ రూములో మేమిద్దరం. ఆయన ఆ రోజు పాఠం ఇంగ్లీషులో చదివేవారు. ఆగిన చోట నేను ఆ మాట ఫోనులో కొట్టేదాన్ని. ఫోనులోని ఆడగొంతు దాన్ని పలికేది. ఆయన ఆమె వెంట పలికేవారు. నేను చేసే వ్యాఖ్యానం ఆయన పట్టించుకునేవారు కాదు.

"సార్, ఎన్నిసార్లు చెప్పాలె. 'వెర్క్' కాదు, 'వర్క్'. 'వర్క్'."

"గామె పదిసార్లడిగినా గట్లనే చెప్తాంది. కోపానికి రాదు. నీకెందుకే గంత కోపం?"

"మీరు నేర్సుకుంటలేరు కాబట్టి."

"నేర్సుకుంటాన్న బిడ్డా. నీ అంత జల్ది కాదు, గంతే."

ఆయనకు నేర్పడం కోసం ప్రతి పాఠాన్నీ నేను ముందు తెలుగులో అర్థం చేసుకోవాల్సి వచ్చేది. ఆయన ప్రశ్నలు అలా ఉండేవి. 'అపోజెస్' అంటే ఏమిటో ఆ స్టోర్ రూములో తెలిసింది, ఆయన తలుపును అవతలి నుంచి తోస్తుంటే నేను ఇవతలి నుంచి ఆపినప్పుడు. నన్నే ఎందుకు పిలిచారని శ్రావణి అడిగితే, మరి క్లాస్ ఫస్టు నేనే కదా అన్నాను. అప్పటికి క్లాస్ ఫస్టు రాకేశ్.

నాలుగో సర్టిఫికెట్ పదో తరగతిలో వచ్చింది. డాడీ మేకు వృథా కాలేదు. సార్ ఇంగ్లీషు సంగతికొస్తే, గొప్పగా మారిందేమీ లేదు. వీడ్కోలు రోజున మైకులో కూడా "మై చిల్డ్రన్స్" అన్నారు, నూట ఇరవై మందిమి ఒకే గొంతుతో "చిల్డ్రనే సార్" అని అరిచాం. రంగు కాగితాల తోరణాలు నిలబడక పడిపోతుంటే, జేబులోంచి గుప్పెడు పిన్నులు తీసి ఇచ్చారు. నాకిప్పుడు ఇంగ్లీషు వచ్చు. కోపంలో ఉన్నప్పుడు మరీ బాగా వస్తుంది.

బస్టాపులో మూడు బస్సులు వదిలేశాను. గ్రూపులో రాకేశ్ పెట్టిన వీడియో కింద గొడవ మొదలైంది.

"గిప్పుడు గూడ గిది పెడ్తవారా?" అని ఒకడు.

"గీ వీడియోతోనే గద మనం మాట్లాడుడు మొదలువెట్టినం," అని రాకేశ్. "తీసినోనికి దండం పెట్టాలె."

"దండం కాదు, తీసినోడు దొరికితె చెంప పలగ్గొట్టాలె. సార్ గా కోచింగ్ మానేసిండు వాని వల్లనే," అంది శ్రావణి. శ్రావణి నాకు రోజూ ఫోన్ చేస్తుంది. ఇన్నేళ్ళలో దానికి నేను చెప్పని సంగతి ఇదొక్కటే.

నేను నాలుగుసార్లు టైపు చేసి నాలుగుసార్లు చెరిపాను. అన్నీ మంచి ఇంగ్లీషు వాక్యాలే. "హిజ్ డెడికేషన్ విల్ ఆల్వేస్..." దాకా వచ్చి ఆగిపోయాను. ఎవరిది బిడ్డా ఈ వాక్యం?

ఫోన్లు మూడు మార్చాను గానీ గ్యాలరీ వెంటే వస్తుంది. కింది దాకా జరిపి, అసలు వీడియో తెరిచాను. అది ముప్పై ఒక్క సెకన్లు కాదు, ముప్పై ఐదు. బస్సులో కూర్చుని నేను కత్తిరించింది చివరి నాలుగు సెకన్లను. అవెందుకు కత్తిరించానో ఎవరూ అడగలేదు కాబట్టి నాకు నేనూ చెప్పుకోలేదు.

ఆ నాలుగు సెకన్లలో, "ఐ ఆల్సో ఫియరింగ్" అన్న తర్వాత, అందరూ నవ్వుతుండగా సార్ కూర్చుంటారు. తల తిప్పి తలుపు వైపు చూస్తారు. సూటిగా ఫోను లోకి. నన్ను గుర్తుపట్టారు. ఫోను కూడా కనబడింది. అయినా ఆయన ముఖంలో ఏమీ మారలేదు. చివరి బెంచీలో కొంచెం పక్కకు జరిగారు. పక్కన ఖాళీ అయిన చోట చేత్తో రెండుసార్లు తట్టారు.

నేను ఆ వీడియోను పూర్తిగా, ఒక్క సెకను తీసెయ్యకుండా గ్రూపులో పెట్టాను. కింద మూడు మాటలు రాశాను.

"ఐ టుక్ ఇట్."

శ్రావణి టైపు చేస్తున్నట్టు కనబడింది, ఆగింది, మళ్ళీ కనబడింది. చివరికి గ్రూపులో కాదు, నాకు ఒక్కదానికే పంపింది.

"సార్‌కు తెల్సానే?"

"ఆఖరు దాకా చూడు," అని రాశాను.